ఉప్పు కలిసిన తీర్థం

మా హాల్లో దేవుడి పటాలకు ఎదురు గోడ మీద కోడిగుడ్డంత తెల్లటి కెమెరా ఒకటి ఉంది. మనవడు పాకడం మొదలుపెట్టినప్పుడు మా అబ్బాయి బిగించాడు. కోడలు శ్రీలక్ష్మి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పనిచేస్తుంది. తయారైన బిళ్ళల్ని బయటికి పంపేముందు పరీక్షించే గదిలో ఆమె ఉద్యోగం. అంటే అనుమానించడమే ఆమె పని. అక్కడ కాస్త ఖాళీ దొరికినప్పుడల్లా ఫోనులో మమ్మల్ని చూసుకుంటుంది. కెమెరా బాబు కోసమేనని మా అబ్బాయి అన్నాడు. నేనూ నమ్మినట్టే తలూపాను. బాబు లోపలి గదిలో నిద్రపోతున్నప్పుడు కూడా అది మెడ తిప్పుకుంటూ నా వెనకాలే వంటింటి గుమ్మం దాకా రావడం నేను చూడకపోలేదు.

మొన్నీమధ్య బాబుకు విరేచనాలు పట్టుకున్నాయి. సీతమ్మధారలో పిల్లల డాక్టరు చూసి భయం లేదన్నాడు. నీళ్ళలో కలిపి పట్టే పొడి ప్యాకెట్లు రాసి, ఏ గుర్తులు కనబడితే వెంటనే తీసుకురావాలో చెప్పాడు. శ్రీలక్ష్మి సెలవు పెట్టి కనిపెట్టుకుని ఉంది. కాస్త తెరిపిచ్చాక, ఇక తప్పదని మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. ఆవేళ బాబు సీసా నోట పెడితే తోసేశాడు. స్టీలు చెంచా చూస్తే మొహం తిప్పేశాడు. అప్పుడు నాకు పూజ సామాన్ల పెట్టె అడుగున, ఎర్రగుడ్డలో చుట్టి ఉంచిన, నాయనమ్మ తీర్థం పోసే ఉద్ధరిణె గుర్తొచ్చింది. ఆవిడ దగ్గరున్న ఒకే ఒక్క వెండి వస్తువు అది. అంచు అరిగి ఒకవైపు పల్చగా అయిపోయింది. దాన్ని మరిగే నీళ్ళలో వేసి తీసి, ప్యాకెట్టు పొడి కలిపిన నీళ్ళు గ్లాసులో పోసి దేవుడి ముందు పెట్టి, అలవాటు చొప్పున ఓ తులసాకు వేసి, బాబును ఒళ్ళో వేసుకుని చుక్కచుక్కగా పట్టడం మొదలుపెట్టాను. వాడికి ఆ మెరుపు నచ్చినట్టుంది, బుద్ధిగా నోరు తెరిచాడు.

ఇంతలో వెనక గోడలోంచి మాట వినిపించింది. ఆ కెమెరాకు గొంతు కూడా ఉందని అప్పుడప్పుడూ మరిచిపోతుంటాను.

"అత్తయ్యగారూ, ఆ చెంచాతో వాడికేం పడుతున్నారు?"

డాక్టరు రాసిందే అన్నాను. మరి అందులో ఆకేమిటంది. తులసి అన్నాను. తరువాత, "నేను సగం రోజు సెలవు పెట్టి వచ్చేస్తున్నాను. నేనొచ్చేదాకా వాడికి ఇంకేమీ పట్టకండి" అంది.

నా చేతిలో ఉద్ధరిణె అలాగే నిలిచిపోయింది. నాకు కోపం రాలేదు, దేవుడి దయవల్ల ఆ గుణం నాకు తక్కువ. కానీ విరేచనాలు అవుతున్న పిల్లవాడికి ఏమీ పట్టకండి అన్న మాట నేను వినడం అది మొదటిసారి కాదు.

నా చిన్నప్పుడు మేం మల్కాపురం వైపు, ఓడరేవు పనివాళ్ళుండే లైనిళ్ళలో ఉండేవాళ్ళం. నాన్న రేవులో ఓడల సరుకు దించే కళాసీ. ఊళ్ళో పొలం అన్నదమ్ములకి సరిపోక, విజయనగరం అవతలి పల్లె నుంచి తల్లిని, పెళ్ళాన్ని, చంకలో నన్ను తీసుకుని వచ్చాడు. స్టీలు ప్లాంటు వస్తుందని అందరూ చెప్పుకోవడమే గాని అప్పటికి ఇటుక కూడా పడలేదు. ఒకే వరసలో ఇళ్ళు, ఇంటికి ఒక గది, ఓ వంటసావిడి, ముందు అరుగు. గాలి రేవు వైపు నుంచి వీస్తే బొగ్గు, ఇనుపఖనిజం బుగ్గి వచ్చేది. పొద్దున్నే లేచేసరికి అరుగు మీద, కిటికీ చెక్క మీద, తులసికుండీ అంచు మీద నల్లగా, ఒక్కోనాడు ఎర్రగా, మెత్తని పొర పరుచుకుని ఉండేది. గాలి ఇటు తిరిగితే నూనె శుద్ధి చేసే ఫ్యాక్టరీ వాసన, అటు తిరిగితే ఎండుచేపల వాసన. ఆ రెంటి మధ్యా మా నాయనమ్మ వేసే సాంబ్రాణి పొగ. ఇప్పటికీ ఎక్కడైనా సాంబ్రాణి వాసన వస్తే, దాని వెనక సన్నగా నూనె కంపు ఉందేమోనని నా ముక్కు వెతుక్కుంటుంది.

ఆ బుగ్గి నాకు పడేది కాదు. చిన్నప్పుడే ఆయాసం పట్టుకుంది. రాత్రి పిల్లికూతలు, పగలు దగ్గు. నాయనమ్మ నన్ను బడికి పంపనివ్వలేదు. బడిలో పిల్లలంతా ఒకరి మొహం మీద ఒకరు ఊపిరి వదులుతారని, అక్కడి కుండలో నీళ్ళు ఎవరెవరు ముంచుతారో తెలియదని, పంతులుగారు ముక్కుపొడుం పీలుస్తారని ఆవిడ అనుమానం. అందుకని మా అమ్మే నాకు చదువు చెప్పింది. ఐదు తరగతులు చదువుకున్న మనిషి. పలక కూడా లేదు. పొద్దున్నే అరుగు తుడవబోయేముందు, ఆ బుగ్గి మీద నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. దిద్దడం అయ్యాక తడిగుడ్డతో తుడిచేసేది. నా ఊపిరి తీసిన ధూళే నాకు అక్షరాలూ ఇచ్చింది. అందుకే దాన్ని పూర్తిగా తిట్టుకోలేను.

నాయనమ్మ అనుమానం ఒక్క బడితో ఆగేది కాదు. పాలవాడు పోసిన పాలు గోటి మీద చుక్క వేసి జారుతుందో నిలుస్తుందో చూసేది. చేప మొప్పలు ఎత్తి వాసన చూడనిదే సంచిలో వెయ్యనిచ్చేది కాదు. కుళాయి నీళ్ళు బిందెలోకి తెల్లగుడ్డలోంచే దిగాలి. ఆ గుడ్డ మీద ఏం మిగిలిందో రోజూ వెలుతురులో పరచి చూసి, రేవులో ఈవేళ ఏ ఓడ విప్పారో చెప్పేది. బయట ఎవరింట్లోనన్నా పిల్లలకి ఏదైనా పెడితే, ఇంటికొచ్చాక నోరు తెరవమని నాలుక చూసేది. దగ్గుకి మిరియాల కషాయం, కడుపునొప్పికి వాము, నెలకోసారి ఆముదం. శనివారం తలంట్లు. సాయంత్రం ఎర్రనీళ్ళతో దిష్టి. వీటిని మాత్రం ఆవిడ ఎన్నడూ అనుమానించలేదు.

ఆవిడ అనుమానానికి ఓ కారణం ఉందని నాకు తరువాత తెలిసింది. పల్లెలో ఉన్నప్పుడు ఎవరో దారిన పోయే వైద్యుడు ఇచ్చిన పొడిని నమ్మి ఇద్దరు పిల్లలకు వేసిందట. ఇద్దరూ దక్కలేదు. ఆవిడ ఈ సంగతి నాకొక్కసారే చెప్పింది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తలెత్తకుండా. "నమ్మి పోగొట్టుకున్నాను. ఇంకెవర్నీ నమ్మను, అప్పన్నని తప్ప" అంది. అప్పన్న అంటే మా సింహాద్రి అప్పన్నే. నాయనమ్మ గురువు దగ్గర ఉపదేశం తీసుకున్న మనిషి. పొద్దున్నే తీర్థం పుచ్చుకోనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. కొండ మీది గంగధార నీళ్ళు చెంబుతో తెచ్చి, మూతికి మైనం పెట్టి దాచుకుని, రోజూ కొంచెం పంచపాత్రలో పోసి తులసి వేసేది. ఇంటిల్లిపాదికీ ఉద్ధరిణెతో అరచేతిలో పోసేది. ఉపవాసం ఉన్నవాళ్ళు కూడా పుచ్చుకోవచ్చు, దానివల్ల ఉపవాసం చెడదు అని చెప్పేది. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఏం చేసిందో చెప్పడానికే ఇదంతా.

మా లైనుకి వారానికోసారి ఒక నర్సమ్మ వచ్చేది. తెల్లచీర, నల్ల గొడుగు, భుజానికి ఖాకీ సంచి. ఎవరి అరుగు ఖాళీగా ఉంటే అక్కడ కూర్చుని నలుగుర్ని పిలిచి, నీళ్ళు మరిగించి తాగండి, వండేముందు, పిల్లలకి కడిగాక చేతులు సబ్బుతో తోముకోండి అని చెప్పేది. బాలింతలకు రక్తం పట్టే ఎర్రబిళ్ళలు ఇచ్చేది. మా వాళ్ళు మర్యాదస్తులు. ఎదురు చెప్పరు, రెండు చేతులా పుచ్చుకుంటారు. ఆవిడ గొడుగు మలుపు తిరిగాక బిళ్ళలన్నీ కాలవలోకి పోయేవి. పక్కింటి పైడమ్మ వాటిని కాలవలో వెయ్యడానికి కూడా భయపడి, కాగితంలో చుట్టి గోడ కన్నంలో దోపేది.

"అయి మింగితే మరి కాన్పులుండవంటన్నారు పెద్దమ్మా" అని ఆవిడ నాయనమ్మ చెవిలో చెప్పింది.

"మన పిల్లల మీద దానికెందుకంట అంత పేమ? ఏదో ఉంటాది" అని నాయనమ్మ జవాబు. నర్సమ్మకు పెళ్ళి కాలేదన్నది ఒక అనుమానం, చర్చికి వెళుతుంది కాబట్టి బిళ్ళలకు ఏదో ప్రార్థన చేసి ఇస్తుందన్నది ఇంకొకటి. ఎండలో అంత దూరం ఊరికే ఎవరు నడుస్తారన్నది అన్నిటికన్నా పెద్దది.

అలాగని నాయనమ్మ ఆవిడ మాటలు వినకుండా ఏమీ లేదు. తలుపు వెనక నిలబడి అన్నీ వినేది. నా ఆయాసం చూసి నర్సమ్మ ఒకసారి, కిటికీకి తడిగుడ్డ కడితే బుగ్గి లోపలికి రాదమ్మా అంది. నాయనమ్మ మొహం ముడుచుకుంది. కొన్నాళ్ళు పోయాక ఒక పొద్దున్న మా కిటికీకి తడిచీర వేలాడింది. ఎవరు చెప్పారని పైడమ్మ అడిగితే, మా అత్త ఊళ్ళో ఇలాగే కట్టేది అంది నాయనమ్మ. మా పల్లెలో బుగ్గి ఎక్కడిదని అమ్మ అనలేదు, నావైపు చూసి కళ్ళతో నవ్వింది. ఒక సలహా ఎవరిదో జనం మరిచిపోయాకే మా నాయనమ్మకు అది మంచిదిగా కనబడేది.

అప్పటికి మా తమ్ముడు అప్పన్న పుట్టి, పాకుతూ ఉన్నాడు. వాడికి ముందు మా ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉండేది, చిన్నమ్మలు. ఒక ఎండాకాలం విరేచనాలు పట్టుకుని పోయింది. నాకు లీలగా గుర్తు. మంచం కింద నీళ్ళచెంబు, ఆ చెంబు వైపు చూస్తున్న దాని కళ్ళు. చెంబు మీద మూత. విరేచనాలప్పుడు పిల్లలకి నీళ్ళు పట్టకూడదన్నది మా వాళ్ళందరి గట్టి నమ్మకం. ఒక్క నాయనమ్మదే కాదు, లైనులో ప్రతి ఇంటిదీ. పైన పోస్తుంటే కింద పోతూనే ఉంటుంది కదా అని. ఎంత తేలికగా అర్థమయ్యే మాటో చూడండి. తప్పు మాటలు చాలావరకు అలాగే తేలిగ్గా అర్థమవుతాయి.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది, తమ్ముడికి పట్టుకుంది. పళ్ళొచ్చే విరేచనాలేలెమ్మని మొదట తేలిగ్గా తీసుకున్నారు. తరువాత వాడు పాకడం మానేశాడు. మాడు మీద మెత్తటి చోటు చిన్న గుంటలా లోపలికి దిగింది. నాయనమ్మ వాము నిప్పుల మీద వేసి పొగ పట్టింది, దిష్టి తీసింది, నీళ్ళు ఆపింది. నాన్న రేవు నుంచి వచ్చి, వాణ్ణి చూసి, తల్లి మొహం చూసి, బయట అరుగు మీద కూర్చున్నాడు. ఆయన తల్లి మాటకు ఎన్నడూ ఎదురు చెప్పి ఎరగడు.

అమ్మ ఒక్కసారి నోరు విప్పింది. "గుంటడికి నోరెండిపోతంది అత్తా. ఏడిత్తన్నాడు గాని కన్నీళ్ళు రావట్లేదు."

"ఎండనీ. లోపల పారతన్నది ఆగాలంటే పైనించి పొయ్యడం ఆపాల. ఇది తెలీదేటి నీకు?"

అమ్మ మరి మాట్లాడలేదు. ఆ మౌనం నాకు మంచిగా అనిపించలేదు. చిన్నమ్మలప్పుడు కూడా అమ్మ ఇలాగే ఊరుకుంది గాని, అప్పటి ఊరుకోవడం వేరు. ఇప్పుడు ఆవిడ చూపు ఒకచోట నిలిచి ఏదో లెక్క వేసుకుంటోంది. నాకు కనిపించినది నాయనమ్మకి కనిపించదా? ఆవిడ కొండకింద తాయెత్తు కట్టే ఆయన దగ్గరికి బయలుదేరుతూ నన్ను గుమ్మం దాకా పిలిచింది.

"పాపా, నాను బేగి వచ్చెత్తాను. మీ అమ్మ మీద కన్నేసుండు. గుంటడికి సుక్క నీళ్ళు పట్టినా నాకు సెప్పాల. అప్పన్న మీద ఒట్టు."

ఆయాసంతో ఎప్పుడూ ఇంట్లోనే ఉండేదాన్ని కాబట్టి ఆ కాపలా పని నాకు పడింది. గుమ్మంలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆ మధ్యాహ్నం వాసన నాకిప్పటికీ తెలుసు. వాము పొగ, తడిచీర మీద ఎండకు ఉడుకుతున్న బుగ్గి, చంటివాడి పులిసిన వాసన. అమ్మ మొదట అన్నం గిన్నె దించి, ఆ పొయ్యి మీదే చిన్న గిన్నెతో నీళ్ళు పెట్టింది. బాగా తెర్లనిచ్చి చల్లార్చింది. ఉట్టి మీంచి అనకాపల్లి బెల్లం దించి కొంచెం కొట్టింది. చేతులు సబ్బుతో తోముకుంది, వేళ్ళ సందులు కూడా. అప్పుడు నాకు అర్థమైంది. ఓసారి అరుగు మీద నర్సమ్మ చెప్పిందే ఇది. పంచదార లేకపోతే బెల్లం, చిటికెడు ఉప్పు, రుచి చూడండి, కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు అంది. ఆ మాటకి ఆడవాళ్ళంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆవిడ ఇప్పుడు గిన్నెలోంచి ఒక చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది. ఆ కొలత ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నేను అనుకున్నట్టు అమ్మ ఆ నీళ్ళు తమ్ముడికి పట్టలేదు. తెచ్చి పంచపాత్రలో పోసింది. గంగధార చెంబు మైనం విప్పి, ఒక్క చుక్క మరిగించిన నీళ్ళలో కలిసేలా ఉద్ధరిణె కొసతో తాకించింది. తులసి కడిగి వేసింది. అప్పన్న పటం ముందు పెట్టి చాలాసేపు తల నేలకి ఆనించింది. తరువాత నావైపు తిరిగింది. నేను కాపలా ఉన్నానని ఆవిడకి తెలుసు.

"నరసింహసామికి పానకం పెడతాం కదా. ఇదీ పానకమే. ఉప్పొకటే ఎక్కువ" అంది.

"నాయనమ్మకి సెప్పాలి నేను."

"సెప్పు. అబద్దమాడకు. ఏటి సూసినావో అదే సెప్పు. తీర్థం పట్టిందని సెప్పు."

తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకుని, ఉద్ధరిణెతో ఒక్కొక్క చుక్క పెదవుల మధ్య వదిలింది. సీసాతో, గ్లాసుతో పట్టి ఉంటే వాడు కక్కేసేవాడేమో. తీర్థం కాబట్టి తీర్థం పట్టినట్టే పట్టింది, కొంచెం కొంచెంగా, మధ్యలో గోవింద నామం అనుకుంటూ, ఎక్కడా తొందర లేకుండా. మొదట వాడికి మింగే ఓపిక కూడా లేదు. తరువాత నాలుక కదిలింది. నేను గుమ్మంలో కూర్చుని, నా ఊపిరి కూతపెట్టకుండా బిగబట్టుకుని, వీధి వైపు ఒక కన్ను, వాడి గొంతు వైపు ఒక కన్ను వేసి ఉంచాను. పంచపాత్ర ఖాళీ అయ్యాక అమ్మ మళ్ళీ కలిపింది.

నాయనమ్మ తాయెత్తుతో తిరిగొచ్చింది. గుమ్మంలోనే నా మొహం చూసింది. చూసిందే చెప్పాను. నీళ్ళు పట్టలేదు, తీర్థం పట్టింది అన్నాను. నాయనమ్మ లోపలికెళ్ళి పంచపాత్ర మీద చెయ్యి పెట్టింది.

"ఏటే, తీర్థం గోరెచ్చగుంది?"

నాయనమ్మ ఉద్ధరిణెతో అరచేతిలో పోసుకుని నాలుకకు తాకించింది. ఆవిడ మొహం అప్పుడు ఎలా ఉందో చెప్పడం కష్టం. చేప మొప్పలు ఎత్తి చూసేటప్పటి మొహం అది. మళ్ళీ కొంచెం పోసుకుంది. ఈసారి పూర్తిగా తాగింది.

"ఉప్పగుంది."

"అవునత్తా."

"సామి ముందు ఎట్టినావా?"

"ఎట్టినాను."

దేవుడి ముందు పెట్టి తీసిన తీర్థాన్ని వద్దనడం మా నాయనమ్మ వల్ల కాదు. మనుషులిచ్చిన దాన్ని నమ్మడమూ ఆవిడ వల్ల కాదు. ఆ రెంటి మధ్యా ఆవిడ ఎంతసేపు నిలబడిందో. తమ్ముడు అమ్మ ఒళ్ళో తల తిప్పి, ఆవిడ చేతిలో మెరుస్తున్న ఉద్ధరిణె వైపు చూశాడు. చిన్నమ్మలు చెంబు వైపు చూసినట్టే చూశాడు. అది నాకే అనిపించిందో, ఆవిడకీ అనిపించిందో నేను చెప్పలేను. నాయనమ్మ తాయెత్తు దేవుడి గూట్లో పడేసి, చతికిలబడి, చేతులు చాపింది.

"ఇలగియ్యి గుంటణ్ణి. నువ్వు మరో గిన్నె తెర్లబెట్టు. నాను పడతాను."

చీకటి పడేలోగా తమ్ముడు ఏడ్చాడు. అంతకుముందూ ఏడ్చాడు గాని, ఈసారి చెంపల మీద తడి కారింది. నాయనమ్మ ఆ తడిని బొటనవేలితో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుంది. ఏం రుచి చూసిందో ఎవరికీ చెప్పలేదు.

ఆ తరువాత సంగతి లైనంతా ఎలా పాకిందో మాకు తెలియదు. అప్పన్న తీర్థంతో పిల్లాడు లేచాడని చెప్పుకున్నారు. విరేచనాలు పట్టుకున్న పిల్లల్ని ఎత్తుకుని మా అరుగు మీదికి రావడం మొదలుపెట్టారు. నర్సమ్మ బిళ్ళలు కాలవలో వేసిన చేతులే నాయనమ్మ ముందు దోసిలి పట్టాయి. ఆవిడ కట్టడి చాలా గట్టిది. తెర్లిన నీళ్ళే తేవాలి, చేతులు సబ్బుతో తోముకోకుండా పంచపాత్ర ముట్టకూడదు, తల్లి పాలు ఆపకూడదు, పిల్లాడు మగతగా పడిపోతే తీర్థమని కూర్చోకుండా పెద్దాసుపత్రికి ఎత్తుకుపోవాలి, లేకపోతే స్వామికి కోపం వస్తుంది. ఈ మాటలన్నీ ఎక్కడివో అమ్మకీ నాకూ తెలుసు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

ఒకరోజు నర్సమ్మ వచ్చి, అరుగు మీద జరుగుతున్నదంతా గొడుగు ముడుచుకుని నిలబడి చూసింది. నాయనమ్మ బిగుసుకుపోయింది. చర్చికి వెళ్ళే మనిషి ఏమంటుందో, ఏం బయట పెడుతుందో అని మాకందరికీ అనుమానమే. నర్సమ్మ చెప్పులు విప్పి, పైడమ్మ వెనకాల వరసలో నిలబడి, అందరిలాగే అరచెయ్యి చాపింది. నాయనమ్మ పొయ్యక తప్పలేదు. ఆవిడ తాగి, తడిచేతిని కొంగుకి కాకుండా నెత్తికి రాసుకుని, చాలా చిన్న గొంతుతో, "ఉప్పు కాస్త తగ్గించండి మామ్మగారూ" అంది.

"మాకు తెల్దేటి" అంది నాయనమ్మ.

మర్నాటి నుంచి తీర్థంలో ఉప్పు తగ్గింది.

అమ్మ, నాయనమ్మ, నర్సమ్మ, ముగ్గురూ ఇప్పుడు లేరు. ఆ అరుగు మీద ఎంతమంది పిల్లల ప్రాణాలు నిలిచాయో ఎవరూ రాసిపెట్టుకోలేదు. నేను మాత్రం రోజూ దీపం పెట్టేటప్పుడు ముగ్గురి పేర్లూ అనుకుంటాను. నర్సమ్మ అసలు పేరు నాకు తెలియదు కాబట్టి నర్సమ్మ అనే అనుకుంటాను. తమ్ముడు అప్పన్నకిప్పుడు ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. వాడు ఇంటికొస్తే మా కుర్చీలు కిర్రుమంటాయి. ఈ కథ చెప్పబోతే, ఊరుకో అక్కా, నాకేటి గుర్తు అంటాడు.

అప్పట్లో సలహా చెప్పేవాళ్ళు ఒక్కరే వచ్చేవారు, ఎండలో నడిచి. అనుమానించడానికి మాకు వారమంతా తీరిక ఉండేది. ఇప్పుడు మా అపార్టుమెంటు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్న లేచేసరికి సలహాల వరదే. బాబుకి బాగాలేదని ఎవరి ద్వారానో తెలిసి, ఒకరు కూల్‌డ్రింకు పట్టమన్నారు, ఒకరు పాలు ఆపేయమన్నారు, ఒకరు పాత మాటనే కొత్త రంగుల బొమ్మలో పెట్టి, నీళ్ళు ఆపండి అని పంపారు. కింద ఏదో డాక్టరు పేరు కూడా ఉంది. ఆ మాట ఇన్నేళ్ళకి మళ్ళీ నా అరచేతిలో వెలుగుతూ కనిపించేసరికి నాకు చిన్నమ్మలు చెంబు గుర్తొచ్చింది. అందుకని ఈ కాలంలో అనుమానించేవాళ్ళంటే నాకు గౌరవమే. నా కోడలు కూడా అందులో మనిషే. కాకపోతే ఆవేళ ఆమె అనుమానించినది నన్ను.

ఆమె ఆపమంది. నా ఒళ్ళో బాబు నోరు తెరిచి ఉన్నాడు. అమ్మ చేసినట్టు చాటుగా చెయ్యాల్సిన అవసరం నాకు లేదు, చాటే లేదు కదా ఈ ఇంట్లో. లేచి ఆ తులసి గ్లాసు దేవుడి ముందే వదిలేసి, కొత్త ప్యాకెట్టు తెచ్చి కెమెరాకు ఎదురుగా పెట్టి చూపించాను. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు కొలిచాను. పొడంతా పోసి కలిపాను. ఆకు వెయ్యలేదు. ముందు నేనో చుక్క తాగాను. అప్పుడు గోడవైపు తిరిగి, "శ్రీలక్ష్మీ, నువ్వు రాడానికి చాలాసేపు పడుతుందమ్మా. నేను పడుతూనే ఉంటాను. చూస్తూ ఉండు" అన్నాను.

కెమెరా మీది ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. నేను పడుతూనే ఉన్నాను. ఒక కంటి కింద కూర్చుని పిల్లవాడికి చుక్కచుక్క పట్టడం మా అమ్మకి ఎలా ఉండి ఉంటుందో ఆ మధ్యాహ్నం నాకు తెలిసింది. ఆ రోజు గుమ్మంలో ఉన్న కన్ను నాదే మరి.

శ్రీలక్ష్మి వచ్చింది. చెప్పులు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, బాబు దగ్గరికి రాకుండా తిన్నగా దేవుడి దగ్గరికెళ్ళి ఆ తులసి గ్లాసు తీసుకుంది. వెలుతురుకి ఎత్తి చూసింది. వాసన చూసింది. అరచేతిలో కొంచెం పోసుకుని నాలుకకి తాకించింది. నేను గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాను.

"ప్యాకెట్టుదే" అంది, తనలో తను. తరువాత, "ఆకు కడిగారా?"

"కాచిన నీళ్ళతో కడిగానమ్మా."

"చెంచా?"

"మరగబెట్టాను."

ఆమె గ్లాసు కింద పెట్టి, ఆకును వేలితో అటూ ఇటూ కదిపింది. తీసి పారేస్తుందనుకున్నాను. తియ్యలేదు, వద్దనీ అనలేదు. నా పక్కన వచ్చి కూర్చుంది. కంపెనీ బస్సు వాసన, సబ్బు వాసన. "పొద్దున్నుంచి ఎన్నిసార్లు తడిపాడు?" అని అడిగింది. చెప్పాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మా నాయనమ్మ బతికుంటే ఈ పిల్ల ఆవిడకి బాగా నచ్చేది.

తల్లిని చూసేసరికి బాబుకి అంతసేపూ రాని దుఃఖం ఒక్కసారి వచ్చింది. చేతులు చాపి పెద్దగా ఏడ్చాడు. శ్రీలక్ష్మి వాణ్ణి ఎత్తుకోలేదు. వాడి మొహం వెలుతురుకి తిప్పి చూసింది. నేనూ వంగి చూశాను. రెండు చెంపల మీదా నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

"కన్నీళ్ళొస్తున్నాయండి" అంది.

"వస్తున్నాయమ్మా" అన్నాను.

అప్పుడు ఎత్తుకుంది. నేను మొదట గోడ మీది ఆ కంటికి, తరువాత దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తిరిగి చూసేసరికి శ్రీలక్ష్మి ఎడంచేత్తో వాణ్ణి పొదివి పట్టుకుని, కుడిచెయ్యి నావైపు చాపి ఉంది.

"ఆ వెండి చెంచా ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ. నేను పడతాను."